ఖాళీగా వదిలే గడి

టెస్సా స్లోన్ జుట్టు పక్కకు తీసి చూపించింది. ఎడమ చెవికి తమ్మె లేదు. కత్తితో కోసినట్టు లేదు, రొట్టె తుంచినట్టుంది.

“నాకప్పుడు పదకొండేళ్ళు మేడమ్. కోళ్ళగూడు తలుపెయ్యడం మర్చిపోయా. నక్కొచ్చి రెండు పెట్టల్ని ఎత్తుకుపోయింది. నాన్న పట్టుకారు తెచ్చాడు.”

ఆర్డిత్ కోమ్స్ రాసుకుంటోంది. ఆ కొండల మధ్య కాలేజీలో కేంద్ర ప్రభుత్వపు చదువు సాయం ఇప్పించే కుర్చీలో ఆమె కూర్చుని ఇరవయ్యారేళ్ళు. పిల్లలు చెప్పింది చెప్పినట్టు రాయాలని నిబంధన. ‘పట్టుకారు’ అనే మాట దగ్గర కలం కాస్త ఆగి, మళ్ళీ కదిలింది.

“ఇంకా?”

“మెడ ఎముక. పద్నాలుగో ఏట. గొడ్డలి ఊడదీసి ఉత్త కామతోనే కొట్టాడు. ఆమాత్రం దయ ఉంది మనిషికి.” పిల్ల నవ్వింది.

“డాక్టరుకి చూపించారా తల్లీ?”

“మా రాటిల్ వాగు లోయలో డాక్టరు దగ్గరికి తీసికెళ్ళారంటే మనిషి అయిపోయినట్టే. అమ్మనొక్కదాన్నే తీసికెళ్ళారు.”

టెస్సా తల్లి ఐదేళ్ళ కిందట పెరటి మెట్ల మీద జారి పడి పోయింది. జారి పడిందనే లోయంతా చెప్పుకుంది. మెట్ల మీద జారిన మనిషి గొంతు చుట్టూ వేళ్ళ గుర్తులెందుకున్నాయని శవానికి స్నానం చేయించిన ఆడవాళ్ళు ఒకరినొకరు అడగలేదు. గౌను మెడ పైదాకా బొత్తాలు పెట్టి పాతిపెట్టారు.

ఆ లెక్కన టెస్సా పంతొమ్మిదేళ్ళు బతకడమే గొప్ప. పోయిన ఆగస్టులో గోనెసంచిలో రెండు జతల బట్టలు వేసుకుని పన్నెండు మైళ్ళు నడిచి పట్నానికి వచ్చింది. బట్టలుతికే దుకాణం మేడ మీద గదిలో ఉంటూ, పగలు నర్సు చదువు, సాయంత్రం అక్కడే బట్టలు మడతపెట్టే పని. సాయం వస్తే చదువు నిలుస్తుంది. రాకపోతే గది పోతుంది, చదువు పోతుంది, మిగిలేది రాటిల్ వాగు ఒక్కటే.

చిక్కల్లా ఒక్క సంతకం దగ్గరే. ఇరవై నాలుగేళ్ళు నిండని పిల్ల దరఖాస్తు మీద తండ్రి సంతకం కావాలి. తండ్రి దగ్గరికి వెళ్తే ప్రాణానికి ముప్పని తేలితే తండ్రిని పక్కనపెట్టి సాయమిచ్చే అధికారం ఆర్డిత్‌కి ఉంది. కానీ పిల్ల మాట ఒక్కటే చాలదు. ఎరిగున్న మూడో మనిషి, ఫాదరో పంతులమ్మో పోలీసో, పేరు పెట్టి, తేదీ వేసి, సంతకం చేసిన కాగితం ఫైల్లో ఉండాలి. ఏడాదికోసారి తనిఖీవాళ్ళొచ్చి కళ్ళు మూసుకుని కొన్ని ఫైళ్ళు లాగుతారు. ఒకసారి జాలిపడి కాగితం లేకుండా దాటించిన ఫైలు వాళ్ళ చేతిలోనే పడింది. తల్లీ తండ్రీ చచ్చిపోయారని ఏడ్చిన ఆ పిల్లాడి తల్లిదండ్రులు పక్క జిల్లాలో చేపలు వేయించి అమ్ముకుంటున్నారు. ఆ రోజు నుంచీ ఆర్డిత్ జాలిని సొరుగులో పెట్టి తాళం వేసుకుంది.

“ఎవరిని అడిగావు?” అంది.

“ప్రార్థన మందిరం పెద్దాయన, ‘నీకోసం మోకాళ్ళ మీద ప్రార్థిస్తానమ్మా, సంతకం మాత్రం పెట్టను’ అన్నాడు. పంతులమ్మ తలుపు తియ్యలేదు. షెరీఫు ఆఫీసులో ఉండేది మా నాన్న పెదనాన్న కొడుకు.”

“మీ మామయ్యో?”

టెస్సా కిందికి చూసింది, నేల లోంచి కింది అంతస్తుకి చూస్తున్నట్టు. అక్కడ గుమ్మం దగ్గర బల్ల వేసుకుని కూర్చునే కాలేజీ కాపలాదారు హోబర్ట్ ఆమె తల్లికి తోడబుట్టినవాడు.

“మామని నేనడగను,” అంది. “అడిగి కాదనిపించుకోవడం కంటే అడక్కపోవడం మేలు.”

మధ్యాహ్నం ఆర్డిత్ చిక్కుడుగింజల గిన్నె, మొక్కజొన్న రొట్టె పట్టుకుని హోబర్ట్ బల్ల దగ్గరికి వెళ్ళింది. ఇద్దరూ ఒకే బళ్ళో చదివినవాళ్ళు. ముప్పయ్యేళ్ళు గనిలో బొగ్గుపొడి పీల్చిన ఊపిరి అతనిది, చిరిగిన కొలిమితిత్తిలా కూస్తుంది.

“రొట్టె తెచ్చావంటే ఏదో మెలిక ఉంటుంది,” అన్నాడు. “చెప్పు.”

చెప్పింది. హోబర్ట్ నమిలేది ఆపలేదు, కానీ మింగనూ లేదు.

“నాలుగు ముక్కలు చాలు హోబర్ట్. చూసింది చూసినట్టు.”

“నేనేం చూళ్ళేదు.”

“నీ చెల్లెలి శవాన్ని మోసింది నువ్వు.”

“మోశాను. చూళ్ళేదు.” చెయ్యి తుడుచుకున్నాడు. “ఇదిగో ఆర్డిత్, మా ఇళ్ళల్లో సంగతి మా ఇళ్ళల్లో అయిపోవాలి. పొయ్యిలో బూడిద వీధిలోకి ఎత్తిపోసుకోం. మా అమ్మ చచ్చేముందు నాతో బైబిలు మీద చెయ్యి పెట్టించింది, చెల్లెలి మొగుడి మీద కాగితం రాసివ్వొద్దని. కావాలంటే పిల్లకి నా పాత ట్రక్కు ఇస్తా.”

“ట్రక్కు ఫైల్లో పట్టదు.”

“నా మాటా పట్టదు. రొట్టె బాగుంది.”

ఆ సాయంత్రమే ఆర్డిత్ ఓ తప్పు చేసింది. ఇరవయ్యారేళ్ళలో తనిఖీవాళ్ళు వేలు పెట్టి చూపలేని తప్పు అదొక్కటే. కాగితాలు తక్కువైన వాళ్ళందరికీ ఫలానాది తక్కువైందని ఉత్తరం పంపాలి, గడువు తప్పకూడదు. కంప్యూటర్లో ప్రతి పిల్లకీ రెండు చిరునామాలుంటాయి. ఇప్పుడుంటున్నది ఒకటి, బడి నుంచి వచ్చిన శాశ్వత చిరునామా ఒకటి. టెస్సా మొదటి గడిని ఆమె సెప్టెంబరులోనే మార్చింది. రెండోది మార్చలేదు, ఉత్తరాలు పోయేది దానికే. ‘తండ్రి సంతకం లేదు’ అనే ఉత్తరం, పైన కాలేజీ పేరు, కింద తన పేరు, గది నంబరుతో సహా, మూడోనాటికి రాటిల్ వాగు లోయలో టెస్సా తండ్రి డెల్మర్ స్లోన్ చేతిలో పడింది. గడువు తప్పలేదు.

గురువారం పది గంటలకు టెస్సా ఆర్డిత్ గదిలో ఉంది. బట్టలుతికే దుకాణం యజమానురాలు రాసిచ్చిన చీటీ తెచ్చింది. ‘పిల్ల ఒంటి మీద మచ్చలున్నాయి, ఎలా వచ్చాయో నాకు తెలియదు’ అని ఉంది. ఆర్డిత్ అది చదివి, ఇది చాలదని ఎలా చెప్పాలా అని చూస్తుండగానే బల్ల మీద ఫోను మోగింది. హోబర్ట్.

“డెల్మర్ వచ్చాడు. పైకొస్తున్నాడు. ఊరికే మాట్లాడతానన్నాడు. పెద్దమనిషిలాగే ఉన్నాడు, టోపీ తీసి మరీ అడిగాడు.”

“పంపించావా!”

“ఇంటల్లుడు ఆర్డిత్. గుమ్మంలో ఎట్లా ఆపేది?”

ఆర్డిత్ ఫోను పడేసి, టెస్సాని రెక్క పట్టుకుని వెనకనున్న పాత ఫైళ్ళ గదిలోకి తోసి తలుపేసింది. మళ్ళీ కుర్చీలో కూర్చునేసరికి గుమ్మంలో మనిషి ఉన్నాడు.

డెల్మర్ అందగాడు. యాభై దాటినా నడుము వంగలేదు. ఇస్త్రీ చొక్కా, తడి దువ్వెన తిరిగిన తల.

“ఏం ఆర్డిత్, ఇంకా అవే కళ్ళద్దాలా? మా అన్న పక్క బెంచీలో కూర్చున్నప్పుడూ అవే పెట్టుకునేదానివి.” నవ్వుతూ జేబులోంచి కవరు తీశాడు. “సంతకం కావాలని రాశావు. పన్నెండు మైళ్ళు వచ్చా సంతకం పెట్టడానికి. పిల్లేదీ?”

ఆ కవరు చూడగానే ఆర్డిత్‌కి తన వేలు ఏ మీట మీద పడిందో, ఏ గడి మరిచిందో కళ్ళకు కట్టింది.

“ఆ పేరు గల పిల్ల ఇక్కడ చదువుతోందో లేదో కూడా నేను చెప్పకూడదు డెల్మర్. నిబంధన.”

“నిబంధన!” లోపలికొచ్చి తలుపు మడమతో మూశాడు. “నా పెళ్ళాం కడుపున పుట్టి, నా కోళ్ళ గుడ్లు తిని పెరిగిన పిల్ల ఎక్కడుందో నాకు చెప్పకూడదన్న నిబంధన ఎవడు రాశాడు? వాడి పేరు చెప్పు. వాణ్ణీ చూసొస్తా.”

“బయటికి వెళ్ళు.”

“ఫైలు చూపించు, వెళ్తా. ఉండే చోటు రాసుంటుందిగా.”

ఉక్కు బీరువాలో మూడో సొరుగు తెరిచే ఉంది. ‘ఎస్’ అక్షరం అట్ట పైకి కనిపిస్తోంది. డెల్మర్ చూపు అటు పోయింది. ఆర్డిత్ లేచి కుడిచెయ్యి సొరుగులో ఫైళ్ళ మీద అడ్డంగా పెట్టింది. ఎందుకు పెట్టిందో తర్వాత ఎంత ఆలోచించినా ఆమెకి తెలియలేదు. పెయ్యని కాచే ఆవుకి మాత్రం ఏం తెలుస్తుంది?

డెల్మర్ ఆ చేతిని చూశాడు, ఆమె ముఖం చూశాడు. “సరే మరి,” అని బూటుకాలితో సొరుగుని తన్నాడు.

నిప్పుకి కాలని బీరువా అది. సొరుగు ఒక్కటే అరవై పౌన్లుంటుంది. ఎముక విరిగిన చప్పుడు ఆర్డిత్‌కి ముందు వినిపించి, నొప్పి తర్వాత వచ్చింది. సొరుగు లాగాడు. మళ్ళీ తన్నాడు. రెండోసారి ఆమె కేక పెట్టింది. కేక తనదేనని గుర్తుపట్టలేదు.

“చిరునామా,” అన్నాడు డెల్మర్, కొట్లో ఉప్పు అడిగినట్టు. “ఇంకో చెయ్యి ఉంది నీకు. కలం పట్టాలిగా.”

వెనక తలుపు తెరుచుకుంది. టెస్సా చేతిలో గోడకి తగిలించే, మంటలార్పే నురుగు నింపిన ఎర్ర ఇనప సిలిండరు ఉంది. ఆ పిల్ల అరవలేదు, మాట్లాడలేదు. కట్టెలు కొట్టేటప్పటిలా రెండు చేతులా ఎత్తి తండ్రి మీద దించింది. గురి తల. భుజానికి తగిలింది.

“అదిగో, ఇక్కడే ఉందే నా బంగారుకొండ!” డెల్మర్ ఊగి నిలదొక్కుకున్నాడు. చొక్కా మీద నెత్తురు మొగ్గలా విచ్చుకుంటోంది. నవ్వు మాత్రం చెదరలేదు. సిలిండరు లాక్కుని విసిరేస్తే తలుపు అద్దం భళ్ళున రాలింది. పిల్ల జుట్టు పిడికిటికి రెండు చుట్లు చుట్టి లాగాడు. టెస్సా గాజుపెంకుల మీద పడింది. మోకాళ్ళు చీరుకుపోతున్నా ఈడ్చుకుంటూ నడవాలోకి తీసుకుపోయాడు. నడవాలో సాయం కోసం వరసలో నిలబడ్డ పిల్లలు గోడకి అతుక్కుపోయారు. ఎవరో ఏడుస్తున్నారు. ఎవరో ఫోను తీశారు. ఆర్డిత్ ఎడమచేత్తో కుడిచేతిని పొట్టకి అదుముకుని, గోడ పట్టుకుని వెనకే వచ్చింది. నేల మీద నెత్తుటి చార ఎవరిదో, తనదో పిల్లదో తెలియడం లేదు.

మెట్ల పై అంచున హోబర్ట్ నిలబడి ఉన్నాడు. ఒక్క అంతస్తు ఎక్కినందుకే రొప్పుతున్నాడు. చేతిలో పొడుగాటి టార్చిలైటు తప్ప మరేం లేదు.

“తప్పుకో బావా,” అన్నాడు డెల్మర్. “ఇంటికి తీసికెళ్తున్నా. కూతుర్ని ఇంటికి తీసికెళ్ళడం నేరమా?”

హోబర్ట్ మేనకోడలి వైపు చూశాడు. మెట్ల వైపు చూశాడు. ఆ మెట్లు, ఆ పిడికిలి, ఆ జుట్టు. అతను అన్నిసార్లూ తప్పుకున్న మనిషే. ఈసారి కూడా కాలు ఒకటి పక్కకు పడింది. అలవాటైన కాలు. ఆర్డిత్ చూసింది.

తర్వాత ఆ కాలు తిరిగి వచ్చి మొదటి చోటే ఆనింది.

“మెట్ల దగ్గర వద్దు డెల్మర్,” అన్నాడు. గొంతు పీలగా వచ్చింది. “మెట్ల దగ్గర ఇంకోసారి వద్దు.”

డెల్మర్ ముఖంలో నవ్వు అప్పుడు పోయింది. ఎడమచేత్తో పిల్లని పట్టుకునే కుడిపిడికిలితో హోబర్ట్ దవడ మీద గుద్దాడు. పళ్ళు నేల మీద రాలిన చప్పుడు గింజలు రాలినట్టుంది. హోబర్ట్ పడలేదు. మెట్ల కమ్మీ పట్టుకుని అక్కడే ఉన్నాడు. డెల్మర్ మళ్ళీ గుద్దాడు. ముక్కు వంకరపోయింది. హోబర్ట్ టార్చి ఎత్తడం ఆర్డిత్ చూడలేదు, అది డెల్మర్ మోచేతి మీద దిగడం మాత్రం చూసింది. పిడికిలి వదులయింది. టెస్సా తిరగబడి తండ్రి మోకాలి వెనక కరిచింది, కుక్క పట్టినట్టు పట్టు వదలకుండా. డెల్మర్ వెనక్కి కూలాడు. అప్పుడు కదిలారు వరసలోని పిల్లలు. వెల్డింగు నేర్చుకునే ముగ్గురు మీద పడి కూర్చున్నారు.

“ఇంకా ఎవరికైనా సంతకం కావాలంటే చెప్పండి,” అంటూ వాళ్ళ కింద డెల్మర్ నవ్వుతూనే ఉన్నాడు.

షెరీఫు దగ్గర్నుంచి వచ్చినవాడు ఆ పెదనాన్న కొడుకే. ‘కాలేజీ ఉద్యోగినితో గొడవ, అద్దం ధ్వంసం’ అని రాసుకుని తీసుకెళ్ళాడు. కూతురనే మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు. చీకటి పడకముందే జామీను మీద డెల్మర్ రాటిల్ వాగుకి చేరాడు.

ఆసుపత్రిలో ఆర్డిత్ చేతికి కట్టు కడుతుంటే, మోకాళ్ళకి పదిహేడు కుట్లు వేయించుకున్న టెస్సా పక్క మంచం మీద కూర్చుంది.

“ఆ ఉత్తరం నేనే పంపాను,” అంది ఆర్డిత్. “చిరునామా ఒకటి మార్చి ఇంకోటి మర్చిపోయా. నీ మీదికి వాణ్ణి తెచ్చింది నేను.”

“తెలుసు మేడమ్. కవరు వాడి చేతిలో ఉన్నప్పుడు తలుపు సందులోంచి చూశా.” మోకాళ్ళ మీద కట్లు సర్దుకుంటూ అంది, “నేను కోళ్ళగూడు తలుపు మర్చిపోయా. మీరు గడి మర్చిపోయారు. మిమ్మల్ని నేను పట్టుకారుతో పట్టుకోను లెండి.”

ఆర్డిత్ ఏడుద్దామనుకుంది. దానికి బదులు నవ్వొచ్చింది, చెయ్యి కదిలి ప్రాణం పోయినంత పనయింది.

ప్రభుత్వ సాయం పుచ్చుకునే కాలేజీలో నేరం జరిగితే రెండు పనిదినాల్లో రిజిస్టరుకి ఎక్కాలి. దానికి ముందు కాపలాదారు నివేదిక కాగితం నింపాలి. అదీ ఆ లావుపాటి నిబంధనల పుస్తకంలోదే. మర్నాడు మధ్యాహ్నం ఆర్డిత్ కిందికి వచ్చేసరికి హోబర్ట్ బల్ల ముందు కాగితం పరుచుకుని కూర్చున్నాడు. ముఖం వాచి గుమ్మడికాయలా ఉంది. గోడవారన బెంచీ మీద టెస్సా.

“డీన్ ఫోన్ చేశాడు,” అన్నాడు, పళ్ళు పోయిన నోటితో. “‘చిన్న గొడవ, అద్దం పగిలింది’ అని రాస్తే చాలదా అన్నాడు. కాలేజీకి పేరు పోతుందట.”

“నువ్వేం అన్నావు?”

“నోరు వాచింది, వినబళ్ళేదు అన్నా.”

మెల్లగా రాస్తున్నాడు. ఎక్కడ జరిగింది. ఎవరు చేశారు. పేరు రాశాడు, పూర్తి పేరు. బాధితులు. చుట్టరికం అనే చోట ‘కూతురు’ అని రాశాడు. దాని పక్కన తనకై తానే ‘నాకు మేనకోడలు’ అని కలిపాడు.

“నేను సిలిండరుతో కొట్టా మామా. అది కూడా రాయి,” అంది టెస్సా.

“రాశా. కరిచావని కూడా రాశా. నాలుగు వాక్యాల్లో ఒకటి నీదే.”

కాగితం అడుగున ఒక గడి ఉంది. ‘ఇలాంటివి ఇంతకుముందు జరిగాయా? రాసేవారికి తెలిసినంత.’ పదేళ్ళుగా హోబర్ట్ నింపిన ప్రతి కాగితంలో, పోయిన సైకిళ్ళకీ తాగిన పిల్లలకీ, ఆ గడి ఖాళీయే. ఎవరూ అడగలేదు, అతనూ నింపలేదు. కలం అక్కడికొచ్చి ఆగింది.

“ఈ కాగితం నీ ఫైల్లోకి పనికొస్తుందా?” తలెత్తకుండా అడిగాడు.

“మూడో మనిషి. పేరు, తేదీ, సంతకం,” అంది ఆర్డిత్. “పనికొస్తుంది. అయితే నిన్న నాకు తగిలిన దెబ్బ గురించి రాస్తే చాలదు. పిల్ల ఇంటికెళ్తే ఏమవుతుందో తెలియాలి.”

“అమ్మ దగ్గర బైబిలు మీద చెయ్యి పెట్టా.”

ఆర్డిత్ కట్టు కట్టిన తన చెయ్యి బల్ల మీద, కాగితం పక్కన పెట్టింది, బరువు మొయ్యలేక. హోబర్ట్ దాన్ని చూస్తూ కూర్చున్నాడు. తర్వాత గడిలో ‘అవును’ అని రాశాడు. గడి వేలెడంత. దాని వెడల్పు గోటితో కొలిచాడు.

“ఇందులో పట్టదు. కాగితాలివ్వు. గీతలున్నవి.”

ఆమె ఎడమచేత్తో తీసి ఇచ్చింది. హోబర్ట్ మొదటి కాగితం మీద ఓ పాత తేదీ వేసి, పక్కన చెల్లెలి పేరు రాశాడు. టెస్సా కుంటుకుంటూ వచ్చి అతని భుజం మీంచి చూసింది. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది.

“మామా, అప్పటికి నేను పుట్టనే లేదు.”

“తెలుసే,” అన్నాడు హోబర్ట్. కలం ఆపలేదు.